బుట్ట చెవి వెనక కాటుక

"బుట్టలు సచ్చిపోయి వస్తాయి, నాను బతికిస్తాను." ఏం పని చేస్తున్నావని ఎవరైనా అడిగితే మరిడమ్మ చెప్పే జవాబు అది. అందులో అబద్ధమేం లేదు.

పశ్చిమ ఆఫ్రికాలో ఘానా అని ఒక దేశం. దాని ఉత్తరపు కొసన బోల్గాటాంగా అనే ఊరు, చుట్టూ పల్లెలు. ఆ పల్లెల్లో ఆడవాళ్లు గడ్డితో బుట్టలు అల్లుతారు. ఓడలో చోటు కలిసిరావాలని వాటిని ఎండుచేపల్లా అణిచి కట్టలు కడతారు. కౌలాలంపూర్ దగ్గరి రేవు పోర్ట్ క్లాంగ్‌లో దిగి, లారీ ఎక్కి, ఇపో ఊరు చేరేసరికి అవి బుట్టలంటే ఎవరూ నమ్మరు. ఏనుగు తొక్కిన టోపీలంటే నమ్ముతారు.

ఇపో పాత బజారులో యోగేశ్వరి దుకాణం. ముందు గదిలో అమ్మకం. మధ్యలో పైకప్పు లేని చిన్న వాకిలి, అందులో ఒక పెద్ద ప్లాస్టిక్ తొట్టి. మరిడమ్మ రాజ్యం అంతవరకే. బుట్ట పిడికి కుట్టిన మేకతోలు తడవకుండా పైకి పట్టుకుని, మిగతాది నీళ్లలో ముంచేది. గడ్డి మెత్తబడ్డాక ఒళ్లోకి తీసుకుని, లోపలికి పిడికిలి పోనిచ్చి, పొట్టను మెల్లగా పైకి లేపేది. అడుగు చదును చేసి, అంచు గుండ్రంగా తిప్పేది. పసిపిల్లకి నలుగు పెట్టి కాళ్లూ చేతులూ సాగదీసినట్టే ఉండేది చూసేవాళ్లకి. తరవాత నీడలో ఆరబెట్టేది. మర్నాటికి బుట్ట లేచి కూచునేది.

ఆమె చేతులకి ఆ విద్య ఊరికే రాలేదు. సుంగై సుమున్ దగ్గర ఒక ఎస్టేటులో, కూలీల లైను ఇంట్లో పుట్టింది మరిడమ్మ. తండ్రి అప్పలసామి పామాయిలు గెలలు కోసేవాడు. తల్లి పగలంతా తోటలో ఎరువు చల్లి, పొద్దు వాలాక మట్టల ఈనెలు చీల్చి చీపుళ్లు కట్టేది, కొబ్బరాకులతో తట్టలు అల్లేది. కూతురి చదువు తమిళ బడిలో మూడో తరగతి దగ్గర ఆగిపోయింది. పదేళ్లకి తల్లి పక్కన కూచుని ఈనె పట్టింది. పంతొమ్మిదేళ్లకి పైడయ్యను చేసుకుంది. ఎస్టేటు చేతులు మారి, లైను ఇళ్లు కూల్చేస్తే, మొగుడూ పెళ్లామూ కొడుకును చంకనేసుకుని ఇపో వచ్చి పడ్డారు. పైడయ్య లారీ నడిపాడు. చక్కెర జబ్బు ముందు అతని కాలు తీసుకుంది, రెండేళ్లకి అతన్నే తీసుకుంది. ఇప్పుడామెకి అరవై ఒకటి. కొడుకు శ్రీకుమార్ ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేస్తాడు. తల్లి తెలుగు మాట్లాడితే తమిళంలో జవాబు చెబుతాడు.

ఇంకొకటి ఉంది. అది చెప్పకపోతే ఈ కథకి కాళ్లు లేవు.

శ్రీకుమార్ కంటే ముందు ఒక ఆడపిల్ల. పేరు శాంత. పదకొండు నెలలది, తెల్లగా బొద్దుగా ఉండేదట. తెల్లారకముందే కూలీల పేర్లు పిలిచే పెరట్టుకి ఒకరోజు ఆలస్యమైంది. పిల్ల చెవి వెనక రోజూ పెట్టే కాటుక చుక్క పెట్టకుండానే, పిల్లల్ని చూసే ఆయా దగ్గర దింపి పరిగెత్తింది మరిడమ్మ. ఆ పూట ఎస్టేటు గుమాస్తా భార్య అటు వచ్చి, పిల్లని ఎత్తుకుని, ఎంత ముద్దుగా ఉందో అని బుగ్గలు పుణికిందట. మూడో రోజు జ్వరం. ఆరో రోజుకి పిల్ల లేదు.

అది దిష్టి కాదు. జ్వరం. డిస్పెన్సరీలో మందు లేదు, ఆస్పత్రి దూరం, మేనేజరు జీపు ఆ రోజు ఏదో పెళ్లికి పోయింది. ఈ ముక్క మరిడమ్మకి చాలామంది చెప్పారు. కొడుకు విసుక్కుని మరీ చెప్పాడు. ఆమె వినేది, తల ఊపేది. కానీ ఆనాటి నుంచి అందమైనదేదీ ఆమె చేతి మీదుగా చుక్క లేకుండా గడప దాటలేదు. తాముండే ఫ్లాట్లలో పుట్టిన ప్రతి పసిపిల్లకీ చెవి వెనక. పెళ్లికూతుళ్లకి అరికాల్లో. కొడుకు కొత్త మోటారు సైకిల్‌కి సీటు కింద. అదీ వాడు చూడకుండా.

యోగేశ్వరి మంచి మనిషి. ఈ మాట ఇక్కడే చెప్పెయ్యాలి, ఎందుకంటే ముందు ముందు ఆమెను తిట్టబుద్ధవుతుంది. ఆమె తాత బటాంగ్ బెర్జుంటైలో ఎస్టేటు గుమాస్తా. కౌలాలంపూర్‌లో బ్యాంకు ఉద్యోగం వదిలేసి వచ్చి ఈ దుకాణం పెట్టింది. దళారులు లేకుండా, అల్లినవాళ్లకే న్యాయమైన ధర అందాలన్నది ఆమె పట్టుదల. ప్రతి బుట్టకీ అల్లినామె పేరు, ఊరు రాసిన చీటీ వేలాడేది. మరిడమ్మ తనను మేడమ్ అంటే ఒప్పుకునేది కాదు. అందుకని మరిడమ్మ ఆమెను యోగమ్మా అని పిలిచేది. ఆమె ఈమెను అక్కా అనేది.

పనిలో చేరిన కొత్తలో మరిడమ్మ దుకాణం గుమ్మానికి నిమ్మకాయా మిరపకాయలూ గుచ్చి కట్టింది. యోగేశ్వరి స్టూలెక్కి తనే విప్పేసి, ఇలాంటివి మన దుకాణంలో వద్దక్కా, వచ్చేవాళ్లు అడుగుతారు అంది. నవ్వుతూనే అంది. ఆ నవ్వే గుచ్చుకుంది. 'ఎస్టేటు బుద్ధి' అని యోగేశ్వరి అనలేదు. మరిడమ్మకి అలా వినబడింది. ఆ తరవాత ఆ ఊసే ఎత్తలేదు.

మరిడమ్మకి ఇంగ్లీషు అక్షరాలు రావు. చీటీలు ఆమెకి దండగ. చెయ్యి పెడితే ఏ బుట్ట ఎవరిదో చెప్పేది. ఒకామె కోపంగా అల్లుతాది, ఒకామె కబుర్లు సెప్పుకుంటా అల్లుతాది అనేది. అందరిలోకీ ఒకామె చెయ్యి వేరు. గడ్డి అంత సమంగా పేనేవాళ్లు లేరు. అంచు చివరి వరసలో ఒక మెలిక ఎక్కువ ఉండేది. తొట్టిలో ముంచితే మిగతా బుట్టలన్నీ తేలి ఊగుతాయి. ఆమె బుట్ట మాత్రం నీళ్లు పట్టుకుని బరువుగా కూచునేది, పెద్దముత్తయిదువలాగ.

చీటీ చూసి యోగేశ్వరి చెప్పింది, ఆమె పేరు అయింపోకా అని. మరిడమ్మ నోట్లో అది అయింపోకమ్మ అయింది.

ఒకసారి అక్కడి అల్లేవాళ్ల సంఘం వాళ్లు వీడియో పంపారు. వేపచెట్టు కింద పదిమంది ఆడవాళ్లు కూచుని అల్లుతున్నారు. యోగేశ్వరి ఫోను పట్టుకుని చూపిస్తుంటే మరిడమ్మ ఆపమంది. గడ్డిపోచ కొసను పళ్లమధ్య బిగించి, రెండుగా చీల్చి, తొడమీద పేనుతున్న ఒకామెను చూపించి, అయింపోకమ్మ ఈమే అంది. యోగేశ్వరి నమ్మక, రాసి అడిగింది. నిజమే.

"ఎలా కనిపెట్టావక్కా?"

"మా యమ్మ పళ్లు అలగే అరిగిపోనాయి, యోగమ్మా."

అంతే. అప్పటినుంచి అయింపోకమ్మ వీళ్ల ఇంటి మనిషి. శ్రీకుమార్ అన్నం తింటుంటే, ఈసారి అయింపోకమ్మ నీలం గీత ఏసినాదిరా అని చెప్పేది. వాడు, ఆవిడెవరో నీకు తెలియదు, నువ్వెవరో ఆవిడకి తెలియదు, ఏం చుట్టరికం లా అని నవ్వేవాడు. మాట చివర 'లా' తగిలించడం ఆ దేశపు అలవాటు.

రెండేళ్లు అలా నడిచింది. పోయిన ఏడాది సముద్రం ఒడ్డున ఒక పెద్ద హోటలు వాళ్లు ముప్ఫై బుట్టలు అడిగారు. స్నానపు తువ్వాళ్లు పెట్టుకోవడానికి, పెద్దవి. దుకాణానికి అంత పెద్ద బేరం అదే మొదలు. వచ్చిన ముప్ఫైలో ఆరు అయింపోకమ్మవి. తడిపి, లేపి, ఆరబెట్టాక వరసగా పేరిస్తే ఆ ఆరూ వేరే జాతిలాగ ఉన్నాయి. హోటలు మనిషి వచ్చి నేరుగా వాటి దగ్గరికే పోయాడు. వీధిలో పోయే ఆడపిల్లలు లోపలికొచ్చి వాటి పక్కన నిలబడి ఫోటోలు దిగారు. యోగేశ్వరి కూడా నడుం మీద చేతులు పెట్టుకుని, ఎంత బాగున్నాయో అంది.

మరిడమ్మ గోడ గడియారం కేసి చూసింది. ఎత్తుకెళ్లే బండి మధ్యాహ్నం వస్తుంది. అందరూ టీకి పోయిన పావుగంటలో సంచీలోంచి కాటుక భరిణె తీసింది. ఆముదం దీపానికి పట్టి ఇంట్లో చేసుకున్న కాటుక, జిడ్డుగా ఉంటుంది. బుట్టకి పిడే గదా చెవి. పిడి తోలు ముగిసేచోట, లోపలివైపు, ఎవరికీ కనబడకుండా, బొటనవేలితో ఒక్కో చుక్క పెట్టింది. ఆరింటికీ ఆరు. మిగతా ఇరవై నాలుగింటికీ పెట్టలేదు. వాటికి అక్కర్లేదనుకుంది.

పదిరోజులకి హోటలు నుంచి ఉత్తరమూ ఫోటోలూ వచ్చాయి. తెల్ల తువ్వాళ్ల మీద నల్ల మరకలు. ఆరు బుట్టలు రంగు దిగుతున్నాయి, ఆరింటి మీదా ఒకటే పేరు ఉంది, తిప్పి పంపుతున్నాం అని. యోగేశ్వరి వాకిట్లోకి వచ్చి పీట వేసుకుని కూచుంది. పేరు చెప్పలేదు. ఒకామె బుట్టలు రంగు దిగుతున్నాయట, ఎందుకలా అవుతుందక్కా, నీకు తెలుస్తుంది గదా అని అడిగింది.

తెలుస్తుంది గదా అని అడిగితే ఎవరికి బాగుండదు. చేతిలో పని ఆపకుండానే తీర్పు చెప్పేసింది మరిడమ్మ.

"రంగు సరిగ్గా ఉడకనియ్యలేదు. పొయ్యి మీంచి తొరగా దించేసినాది. తొందరపాటు మనిషి."

యోగేశ్వరి అదే రాసి పంపింది. మా దగ్గర చేయి తిరిగిన మనిషి ఉంది, ఆమె అభిప్రాయం ఇది అని. సంఘానికి ఒక నియమం ఉంది. ఒకే పేరు మీద అన్ని బుట్టలు వెనక్కి వస్తే, ఆ మనిషికి వచ్చే కోతల దాకా పని ఇవ్వరు. నియమం పెట్టింది మంచికే. మంచికి పెట్టినవే మనిషిని కొడితే గట్టిగా కొడతాయి.

వారం తరవాత ఆరు బుట్టలూ వెనక్కి వచ్చాయి. అట్టపెట్టె విప్పి, మొదటిదాని మీద చెయ్యి పెట్టగానే మరిడమ్మకి తెలిసిపోయింది. అంచు చివరి వరసలో ఆ ఎక్కువ మెలిక. పిడి మొదట్లో లోపలివైపు తన బొటనవేలి ముద్ర, గీతలతో సహా. తువ్వాలు రాసుకుని కొంచెం చెదిరింది, అంతే.

అప్పుడు చెప్పి ఉండాల్సింది. లోపల గదిలో యోగేశ్వరి ఉంది, పది అడుగుల దూరం. మరిడమ్మ లేచి తలుపు దాకా పోయింది. నిమ్మకాయ విప్పుతూ యోగేశ్వరి నవ్విన నవ్వు గుర్తొచ్చింది. వద్దన్న పని చేశాను, పైగా అయింపోకమ్మ రంగు ఉడకనియ్యలేదని నా నోటితోనే చెప్పాను, ఇప్పుడేమని చెప్పను? వెనక్కి వచ్చి కూచుంది. ఒక్కటి మాత్రం అడిగింది, ఆ అల్లినామెకి ఏటవుతాదని. ఒక సీజన్ ఆర్డర్ ఉండదు, అంతే లా అంది యోగేశ్వరి కంప్యూటరు మీంచి తల ఎత్తకుండా.

ఆ 'అంతే లా'ని పట్టుకుని మూడు వారాలు బతికింది మరిడమ్మ. బస్సులో అదే అనుకునేది, అన్నం వండుతూ అదే అనుకునేది. అంతే. మళ్లీ కోతలొస్తాయి, మళ్లీ అల్లుతాది. అన్నం మాత్రం సయించలేదు. కొడుకు ఆస్పత్రికి పోదామన్నాడు. ఆరు బుట్టలూ దుకాణం అటక మీద, పాత గుడ్డ కప్పుకుని ఉన్నాయి.

నాలుగో వారం కొత్త సరుకు దిగింది. వంద పైచిలుకు. మరిడమ్మ కట్టలన్నీ విప్పి, అణిగిపోయిన బుట్టల మధ్య చేతులు పెట్టి వెతికింది. పనిలో పెట్టే ఓపిక కాదు అది, సంతలో పిల్ల తప్పిపోయినామె వెతుకులాట. కోపంగా అల్లినవి ఉన్నాయి, కబుర్లాడుతూ అల్లినవి ఉన్నాయి. ఒకటికి రెండుసార్లు చూసింది. తొట్టి నింపలేదు. అటక మీంచి ఒక బుట్ట దించుకుని, తడిచేతులతోనే యోగేశ్వరి గదిలోకి పోయి నిలబడింది.

"ఇది రంగు కాదు యోగమ్మా. కాటుక."

యోగేశ్వరికి అర్థం కాలేదు. మరిడమ్మ ఆ మరక పక్కన తన బొటనవేలు పెట్టి చూపించింది.

"నానే పెట్టినాను. ఆరింటికీ. శానా బాగున్నాయి, అందరి కళ్లూ ఆటి మీదే. దిష్టి తగలకుండా పెట్టినాను."

యోగేశ్వరి వేలితో మరకను రుద్దింది. వేలికి నల్లగా అంటింది.

"అంటే... నువ్వు అప్పుడు చెప్పింది..."

"ఎవరియో తెలీక సెప్పినాను. తెలిసినాక సెప్పలేదు. అది నా తప్పు. ఆమెకి పని ఇయ్యమని రాయి. నన్ను పనిలోంచి తీసెయ్, ఫర్లేదు."

"నేను కూడా చూడలేదక్కా," అంది యోగేశ్వరి. "బుట్టలు వచ్చాయి గదా. ఒక్కసారి పైకెక్కి చూసుంటే తెలిసేది. నేను ఫోటోనే చూశాను."

ఆమె తిట్టలేదు. ఎస్టేటు బుద్ధి అని అనలేదు. మరిడమ్మ మాత్రం అంటే బాగుండునని అక్కడే నిలబడింది. యోగేశ్వరి అప్పటికప్పుడు ఉన్నదున్నట్టు రాసింది, మరక ఫోటో, బొటనవేలి ఫోటో కూడా పెట్టింది. హోటలుకీ రాసింది. రాసిందాన్ని తెలుగూ తమిళమూ కలిపి మరిడమ్మకి చదివి వినిపించి, అప్పుడు పంపింది.

జవాబుకి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ మరిడమ్మ పొద్దున రాగానే యోగేశ్వరి ముఖం చూసేది, యోగేశ్వరి తల అడ్డంగా ఊపేది.

జవాబు మర్యాదగానే వచ్చింది. మీ ఉత్తరం అందరి ముందూ చదివాం. అయింపోకా పేరు మళ్లీ పట్టీలో చేర్చాం. కానీ ఆమె ఇప్పుడు ఊళ్లో లేదు. పని లేక, గింజలు అయిపోయి, దక్షిణాన కుమాసి నగరానికి పోయింది. అక్కడి పెద్ద సంతలో నెత్తిమీద మూటలు మోస్తోందని విన్నాం. పోయేముందు ఫోను అమ్మేసింది. మా ఊరి సంత మూడు రోజులకోసారి జరుగుతుంది. మీ ఉత్తరం రావడానికి నాలుగు సంతల ముందు ఆమె బస్సెక్కింది. కబురు పంపే దారి చూస్తాం. రంగు నేను బాగానే ఉడికించానని ఆమె రెండుసార్లు చెప్పింది. మేం నమ్మలేదు.

మరిడమ్మ వేళ్లు మడిచింది. నాలుగు సంతలంటే పన్నెండు రోజులు. పెట్టె విప్పి తన వేలిముద్ర చూసుకున్న రోజు నుంచి ఉత్తరం రాసేదాకా ఇరవై రెండు రోజులు.

"ఆ రోజే సెప్పుంటే ఊళ్లోనే ఉండును," అంది.

యోగేశ్వరి కంప్యూటరు మూసేసింది. కాదనడానికి ఏముంది.

ఇంటికి పోయి కొడుకుతో చెప్పింది. ఆఫ్రికాలో ఎవరో మూట మోస్తుంటే నువ్వు ఇక్కడ పస్తుంటావా అన్నాడు వాడు. అని, మళ్లీ తనే కుమాసి ఎక్కడుందో ఫోనులో తీసి చూపించాడు. ఆమె ఊరి నుంచి ఎంత దూరమని అడిగింది. రోజంతా బస్సు అన్నాడు. మరిడమ్మ ఆ బొమ్మలో ఒక చుక్క నుంచి ఇంకో చుక్క దాకా వేలు జరిపింది. నెత్తిన మూటలు మోస్తే ఆ చేతులకి పనేముంది? రెండూ పైకెత్తి పట్టుకోవడమే. గడ్డి పేనే చేతులు.

ఆరు బుట్టలూ దించి కడిగింది. కొబ్బరినూనెతో తుడిచి, సబ్బునీళ్లు పట్టిస్తే పోయింది కాటుక. ఒక్కోదానికి రెండు నిమిషాలు. హోటల్లో ఎవరైనా తుడిచి చూసినా పోయేది. యోగేశ్వరి ఒకటి ఇంటికి తీసుకుపో అక్కా అంది. మరిడమ్మ వద్దంది. ఉంచుకోవడానికి నాకేం మొహం ఉంది అనలేదు గానీ అదే అర్థం.

అద్దాల కిటికీలో పెడితే ఆరూ నెల తిరక్కుండా అమ్ముడుపోయాయి. ఆఖరిదాన్ని చంటిపిల్లను ఎత్తుకున్న ఒక మలయ్ ఆవిడ కొన్నది. చేత్తో నిమిరి, ఎంత అందంగా ఉందో అని వాళ్ల భాషలో మురిసిపోయింది. మరిడమ్మ దాన్ని కాగితంలో చుడుతోంది. బొటనవేలు దానంతటదే తన కంటికొసకి పోయింది. కాటుక అంటింది. ఆ వేలిని పిడికిట్లో బిగించి, మిగతా నాలుగు వేళ్లతోనే ఎలాగో చుట్టి ఇచ్చింది. ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడింది.

వర్షాల ముందు ఇంకో సరుకు దిగింది. యోగేశ్వరి చీటీలన్నీ ఒక్కొక్కటే తిప్పి చూస్తూ కూచుంది. ఆమె చదవడం అయ్యేదాకా మరిడమ్మ ఆగలేదు. తొట్టి నిండా నీళ్లు పట్టి, బుట్టలు పిడులు పైకుండేలా ఒక్కొక్కటే అందులో వదిలింది. అన్నీ తేలి, ఊగుతూ, ఒకదాన్నొకటి తాకుతూ తిరిగాయి. చివరిదాకా వదిలింది. ఒక్కటీ కూచోలేదు.